లెక్కకూ కొలతకూ మధ్య మహలనోబిస్

కోతకు వచ్చిన వరిచేను. సర్వే ఉద్యోగి చేలో ఒకచోట మేకు పాతి, దానికి కట్టిన తాడును చుట్టూ తిప్పి వృత్తం గీస్తాడు. ఆ వృత్తంలోని పైరు కోసి, నూర్చి, గింజలు తూకం వేస్తే ఎకరానికి ఎంత పండిందో అంచనా కట్టవచ్చు. వినడానికి తేలికైన పనే. చిక్కల్లా తాడు కిందికి వచ్చిన దుబ్బుతోనే. అది లోపలిదా, బయటిదా? నేలను గీత ఎటు పోతే అటు కోయవచ్చు. దుబ్బును అలా కోయలేం. లెక్కలోకి వస్తే మొత్తం రావాలి, లేదంటే అసలు రాకూడదు. అనుమానం వచ్చినప్పుడల్లా మనిషి చెయ్యి ఆ దుబ్బును లోపలికే లాగుతుంది.

ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. రెండడుగుల తాడుతో గీసిన వృత్తంలో చెయ్యి చుట్టూ ఒక్క అంగుళం బయటికి పోతే విస్తీర్ణం 8.5 శాతం పెరుగుతుంది. ఎనిమిదడుగుల తాడైతే అదే అంగుళానికి పెరిగేది 2 శాతమే. వృత్తం చిన్నదయ్యేకొద్దీ అంచుకున్న పెత్తనం పెరుగుతుంది. వేల పొలాల్లో ఇదే పొరపాటు ఒకే వైపు జరిగితే రాష్ట్రం మొత్తం పంట కాగితం మీద ఉబ్బిపోతుంది. 1940లలో, బెంగాల్ కరవు చూసిన ఆ దశాబ్దంలో, లేని ధాన్యం ఉన్నట్టు లెక్క తేలడమంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ అంచు దగ్గరి తప్పును పట్టుకుని, దాన్ని ప్రయోగాలతో కొలిచినవాడు ప్రశాంత చంద్ర మహలనోబిస్. ఆయనను రెండో పంచవర్ష ప్రణాళిక రూపశిల్పిగానో, భారత గణాంక సంస్థ వ్యవస్థాపకుడిగానో దేశం గుర్తుపెట్టుకుంది. ఆయన పుట్టినరోజు జూన్ 29ని 2007 నుంచి జాతీయ గణాంక దినోత్సవంగా జరుపుతున్నారు. కానీ ఆయన జీవితాన్ని మొదటి నుంచి చివరి దాకా చూస్తే ఒక ప్రశ్న పదేపదే ఎదురవుతుంది. లెక్కపెట్టే వస్తువులు వేరు, కొలిచే వస్తువులు వేరు. కొలిచేదాన్ని లెక్కపెట్టేదిగా మార్చాలంటే మధ్యలో ఎవరో ఒకరు గీత గీయాలి. ఆ గీత ఎక్కడ గీయాలి? గీసే అధికారం ఎవరిది?

రెండు రకాల అంకెలు

ఇంట్లో మనుషులు నలుగురుంటారు, ఐదుగురుంటారు. నాలుగున్నర మంది ఉండరు. ఊళ్లో బావులు, కొట్టంలో గేదెలు, బడిలో పిల్లలు, పోలైన ఓట్లు అన్నీ ఈ జాతివే. ఒకదాని తర్వాత ఇంకొకటి, మధ్యలో ఖాళీ. పాఠ్యపుస్తకాల్లో దీన్ని విచ్ఛిన్న దత్తాంశం అంటారు. ఎత్తు, బరువు, వాన, ఉష్ణోగ్రత, భూమి విస్తీర్ణం అలా కాదు. 165 సెంటీమీటర్లకూ 166కూ మధ్య ఎన్ని ఎత్తులైనా ఉండవచ్చు. కొలబద్ద ఎంత సన్నగా గీతలు వేసుకుంటే అంత సన్నగా విలువ వస్తుంది. ఇది అవిచ్ఛిన్న దత్తాంశం.

తేడా ఇంతే అనిపించవచ్చు. కానీ రెంటిలోనూ తప్పులు జరిగే తీరు వేరు. లెక్కలో తప్పంటే ఒకరిని వదిలేయడం, లేదా ఒకరినే రెండుసార్లు రాయడం. కొలతలో అసలు తప్పులేని విలువంటూ దొరకదు. అందువల్ల తప్పు ఎంత ఉంటుందో కూడా కొలతతోపాటే చెప్పాలి. ఇంకో ప్రమాదం ఉంది. అవిచ్ఛిన్నంగా సాగే విలువను తీసుకుని మధ్యలో ఒక గీత గీస్తే అది చటుక్కున విచ్ఛిన్నమైపోతుంది. పదో తరగతి పరీక్షలో 34 మార్కులకూ 35 మార్కులకూ తేడా ఒక్క మార్కే. కానీ ఒకరు ఫెయిల్, ఇంకొకరు పాస్. 35కూ 59కీ మధ్య 24 మార్కుల తేడా ఉన్నా ఇద్దరూ పాసే.

మహలనోబిస్ తొలి గణాంక అధ్యయనాల్లో ఒకటి పరీక్షల మీదే కావడం విశేషం. తత్వవేత్త బ్రజేంద్రనాథ్ శీల్ కోరిక మీద కలకత్తా విశ్వవిద్యాలయం పరీక్షా ఫలితాలను ఆయన విశ్లేషించారు. అప్పటికి ఆయన వృత్తి భౌతికశాస్త్ర బోధన.

తప్పిపోయిన రైలు, ఆలస్యమైన ఓడ

ఆయన 1893 జూన్ 29న కలకత్తాలో ఒక బ్రహ్మసమాజ కుటుంబంలో పుట్టారు. ప్రెసిడెన్సీ కాలేజీలో జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ ఆయనకు గురువులు. 1912లో భౌతికశాస్త్రంలో డిగ్రీ పూర్తిచేసి, మరుసటి ఏడాది లండన్‌లో చదవాలని ఇంగ్లండ్ వెళ్లారు. ఒకరోజు కేంబ్రిడ్జి చూడటానికి వెళ్లి తిరుగు రైలు తప్పిపోయారు. ఆ రాత్రి అక్కడే ఉండిపోయారు. కింగ్స్ కాలేజీ ప్రార్థనామందిరం అందం ఆయనను కట్టిపడేసింది. చివరికి ఆ కాలేజీలోనే చేరారు.

కేంబ్రిడ్జిలో ఆయనకు దొరికిన స్నేహితుడు శ్రీనివాస రామానుజన్. ఒకసారి మహలనోబిస్ ఒక పత్రికలో వచ్చిన చిక్కుప్రశ్న పట్టుకుని రామానుజన్ గదికి వెళ్లారు. ఒక వీధిలో ఇళ్లకు ఒకటి నుంచి వరుసగా నంబర్లున్నాయి. ఒక ఇంటికి ఎడమవైపు ఉన్న నంబర్ల మొత్తం, కుడివైపు నంబర్ల మొత్తానికి సమానం. వీధిలో ఇళ్లు 50కి పైన, 500కు లోపు. ఆ ఇల్లు ఏది? మహలనోబిస్ తడుముకుంటూ జవాబు రాబట్టారు. 288 ఇళ్ల వీధిలో 204వ ఇల్లు. రామానుజన్ పొయ్యి మీద కూర కలుపుతూనే ఒక భిన్నం కింద మరో భిన్నం గొలుసుగా సాగే సమాధానం చెప్పారు. అందులో ఈ ఒక్క వీధికే కాదు, అలాంటి వీధులన్నిటికీ జవాబులు వరుసగా ఉన్నాయి. ఇళ్లను ముక్కలు చేయలేం కాబట్టే ఆ ప్రశ్న చిక్కుప్రశ్న అయింది. దాని జవాబులన్నీ ఒకే గొలుసులో దాగి ఉండటం రామానుజన్‌కు కనిపించింది. ఈ సంఘటనను మహలనోబిస్ చాలా ఏళ్ల తర్వాత కూడా చెప్పుకునేవారు.

1915లో చదువు ముగిసింది. యుద్ధం వల్ల ఓడ ఆలస్యమైంది. ఆ ఖాళీ రోజుల్లో కాలేజీ గ్రంథాలయంలో కూర్చుంటే, ట్యూటర్ మెకాలే ఆయనకు బయోమెట్రికా అనే పత్రిక సంపుటాలను చూపించారు. జీవుల కొలతలకు గణితాన్ని అన్వయించే ఆ పత్రికను కార్ల్ పియర్సన్ నడిపేవారు. మహలనోబిస్ మొత్తం సంపుటాలు కొని ఓడలో చదువుకుంటూ కలకత్తా చేరారు. కొన్నాళ్లకు తిరిగి వెళ్దామనుకున్నారు గానీ, ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే పని దొరికి ఇక్కడే ఉండిపోయారు. మూడు దశాబ్దాలపాటు ఆ కాలేజీతోనే ఆయన అనుబంధం సాగింది.

ముక్కు కొలిచి కులం చెప్పినవారు

1920లో నాగపూర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో జంతుశాస్త్రవేత్త నెల్సన్ అనన్‌డేల్ పరిచయమయ్యారు. కలకత్తాలోని ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలు ఆయన దగ్గర ఉన్నాయి. వాటిని విశ్లేషించి పెట్టమని మహలనోబిస్‌ను అడిగారు. పురుషుల ఎత్తు మీద రాసిన ఆ పత్రం 1922లో వెలువడింది. గణాంకశాస్త్రంలో మహలనోబిస్ దారి అక్కడి నుంచే మొదలైంది.

ఆ రోజుల్లో మనుషుల శరీరాలు కొలవడం కేవలం శాస్త్ర కుతూహలం కాదు. దాని వెనుక రాజ్యం ఉంది. బ్రిటిష్ అధికారి హెర్బర్ట్ రిస్లీ 1891లో బెంగాల్ కులాలు, తెగల కొలతలు ప్రచురించారు. ముక్కు వెడల్పును పొడవుతో భాగించి నూరుతో హెచ్చిస్తే వచ్చే అంకె ఆయనకు ప్రాణం. 70 లోపైతే సన్న ముక్కు, 85 దాటితే వెడల్పు ముక్కు, నడుమ ఉన్నది మధ్యరకం. కులం హోదా పెరిగేకొద్దీ ముక్కు సన్నబడుతుందని ఆయన వాదించారు. తర్వాత 1901 జనగణనకు కమిషనర్‌గా ఉండి, కులాలను సామాజిక హోదా వరుసలో పేర్చే ప్రయత్నం చేశారు.

ముక్కు కొలత అవిచ్ఛిన్నం. 69.9 ఉన్న మనిషికీ 70.1 ఉన్న మనిషికీ మధ్య కంటికి కనబడే తేడా ఏమీ లేదు. కానీ వర్గీకరణలో ఇద్దరూ వేర్వేరు మనుషులు. పైగా ఒక కులం సగటు ఇంకో కులం సగటు కంటే కాస్త ఎక్కువైనంత మాత్రాన రెండు కులాల మనుషులు వేరైపోరు. ఒక కులంలో సగం మంది, మరో కులంలో సగం మంది ఒకే కొలతల మధ్య కలగలిసి ఉండవచ్చు. సగటు ఈ కలబోతను దాచేస్తుంది.

మహలనోబిస్ ఈ సమస్యను మూలం నుంచి పట్టుకున్నారు. 1925లో సైన్స్ కాంగ్రెస్ మానవశాస్త్ర విభాగం అధ్యక్షుడిగా బెంగాల్‌లో జాతుల కలయిక మీద ప్రసంగించారు. రెండు సమూహాలు ఎంత దూరమో చెప్పడానికి అప్పట్లో పియర్సన్ కనిపెట్టిన ఒక సూచిక ఉండేది. 1927లో లండన్‌లో పియర్సన్ ప్రయోగశాలలో కొన్ని నెలలు పనిచేసినప్పుడు ఆ సూచికలోని లోపం ఆయనకు స్పష్టమైంది. కొలిచిన మనుషుల సంఖ్య పెరిగితే చాలు, సమూహాల మధ్య దూరం కూడా పెరిగినట్టు కనిపిస్తోంది. దూరం అన్నది సమూహాల గుణం కావాలి గానీ, ఎంతమందిని కొలిచామన్నదాని మీద ఆధారపడకూడదు. ఈ విషయంలో గురుతుల్యుడైన పియర్సన్‌తో ఆయనకు భేదాభిప్రాయం వచ్చింది.

దానికి జవాబుగా పుట్టిందే మహలనోబిస్ దూరం. 1936లో ప్రచురించిన పత్రంలో దానికి పూర్తి రూపం ఇచ్చారు. దాని వెనుక ఆలోచన సులువైనదే. రెండు సమూహాల సగటు ఎత్తుల్లో రెండు సెంటీమీటర్ల తేడా ఉందనుకుందాం. ఒక్కో సమూహంలో మనుషుల ఎత్తులు ముప్ఫై సెంటీమీటర్ల మేర చెదిరి ఉంటే ఆ రెండు సెంటీమీటర్లకు విలువ లేదు. మూడు సెంటీమీటర్ల మేరే ఉంటే అది పెద్ద తేడా. కాబట్టి తేడాను సమూహం లోపలి చెదురుతో పోల్చి కొలవాలి. రెండో సంగతి, పొడగరికి చేతులు కూడా పొడవుగానే ఉంటాయి. ఎత్తునూ చేతుల పొడవునూ విడివిడిగా కూడితే ఒకే తేడాను రెండుసార్లు లెక్కేసినట్టవుతుంది. ఆయన సూత్రం ఈ రెండు పొరపాట్లనూ సరిదిద్దుతుంది. మనుషుల కొలతల కోసం పుట్టిన ఆ సూత్రం ఇప్పుడు ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ నుంచి మెషీన్ లెర్నింగ్ దాకా వాడుకలో ఉంది.

1933లో ఆయన రిస్లీ కొలతలను తిరిగి పరిశీలించి సవరణలతో ప్రచురించారు. 1941లో లక్నో మానవశాస్త్రవేత్త డి.ఎన్. మజుందార్ సంయుక్త రాష్ట్రాలలో, అంటే నేటి ఉత్తరప్రదేశ్‌లో, కులాలు, తెగలకు చెందిన వేలాది మందిని కొలిచారు. ఆ కొలతల విశ్లేషణ 1949లో వెలువడింది. అందులో మూడో రచయిత సి.ఆర్. రావు. హడగళిలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి 1941లో మహలనోబిస్ సంస్థలో చేరిన తెలుగువాడు. సూడాన్‌లోని జెబెల్ మోయాలో బయటపడిన ప్రాచీన అస్థిపంజరాలను ఈ పద్ధతితో విశ్లేషించమని కేంబ్రిడ్జి నుంచి పిలుపు వస్తే మహలనోబిస్ పంపింది రావునే. అలా వెళ్లిన రావు అక్కడే ఆర్.ఎ. ఫిషర్ దగ్గర డాక్టరేట్ చేసి, ప్రపంచం మెచ్చిన గణాంకశాస్త్రవేత్త అయ్యారు.

ఇక్కడ ఒక పరిమితిని కూడా చెప్పుకోవాలి. ముక్కు కొలతతో మనుషులను గడుల్లో వేసే పద్ధతిని మహలనోబిస్ దాటారు. కానీ కులం అనే గడిని ఆయన ప్రశ్నించలేదు. ఆయన సూత్రం రెండు సమూహాల మధ్య దూరం చెబుతుంది. ఆ సమూహాలు ఏవో ముందే ఎవరో చెప్పి ఉండాలి. శరీరాన్ని అవిచ్ఛిన్నంగా చూసిన శాస్త్రం, సమాజం ఇచ్చిన విచ్ఛిన్నమైన పేర్లను మాత్రం ఉన్నవి ఉన్నట్టుగా తీసుకుంది. శరీర కొలతలతో జాతులను నిర్ణయించే ఆ మానవశాస్త్రాన్ని తర్వాతి తరాలు పక్కన పెట్టాయి. సూత్రం మాత్రం నిలిచింది.

నది అడుగు పెరిగిందా?

1922 నుంచి 1926 దాకా మహలనోబిస్ అలీపూర్ వాతావరణ కేంద్రంలో కూడా పనిచేశారు. అదే సమయంలో ఉత్తర బెంగాల్‌ను వరదలు ముంచెత్తాయి. నీటిని ఆపే జలాశయాలు కట్టాలని ఇంజినీర్లు ప్రతిపాదించారు. ఆయన యాభై ఏళ్ల వర్షపాతం లెక్కలు తీసి, వాటి వల్ల లాభం లేదని, నీరు త్వరగా బయటికి పోయే దారి చూడాలని తేల్చారు. 1926లో ఒరిస్సాలో బ్రాహ్మణి నదికి భారీ వరద వచ్చింది. నది అడుగు పైకి లేచిందని, గట్లు ఎత్తు పెంచాలని ఇంజినీర్లు నమ్మారు. మహలనోబిస్ అరవై ఏళ్ల నీటిమట్టాల రికార్డులు ముందేసుకుని, అలాంటి మార్పేమీ జరగలేదని చూపించారు. గట్లు పెంచడం కాదు, ఎగువన ఆనకట్టలు కట్టి వరదను అదుపు చేయాలన్నది ఆయన సూచన. మహానది మీద హిరాకుడ్ ప్రాజెక్టు ఆలోచనకు ఆ లెక్కలు తోడ్పడ్డాయి.

వరద వచ్చిన ఏడాదిని మాత్రమే చూస్తే ఏదో కొత్తగా జరిగిందనిపిస్తుంది. ఏళ్ల తరబడి సాగిన కొలతల వరుసలో పెట్టి చూస్తే ఆ ఏడాది కూడా ఆ నది ఎప్పుడూ లోనయ్యే హెచ్చుతగ్గుల్లో భాగమే. కంగారుగా గీసే గీతకూ ఓపికగా చేసే కొలతకూ ఉన్న తేడా అది.

తక్కువమందిని అడిగి ఎక్కువ తెలుసుకోవడం

ప్రెసిడెన్సీ కాలేజీలో ఆయన గదే మొదటి గణాంక ప్రయోగశాల. 1931 డిసెంబర్ 17న భారత గణాంక సంస్థ ఏర్పాటుకు నిర్ణయం జరిగింది. మొదటి ఏడాది ఖర్చు 250 రూపాయలకు లోపే. 1933లో సంస్థ పత్రిక మొదలైంది. దానికి సాంఖ్య అని పేరు పెట్టారు. సంఖ్య అనే అర్థంతోపాటు సరైన జ్ఞానం అనే అర్థం కూడా ఆ మాటలో ఉందని ఆయన భావన.

సంస్థకు పేరు తెచ్చింది బెంగాల్ జనపనార సర్వే. 1937లో చిన్న ప్రాంతంతో మొదలై, 1941 నాటికి రాష్ట్రమంతటికీ విస్తరించింది. జనపనార ఎన్ని ఎకరాల్లో వేశారో తెలియాలంటే పొలం పొలానికీ వెళ్లి రాసుకోవాలన్నది అప్పటి ప్రభుత్వ పద్ధతి. మహలనోబిస్ కొన్ని గడులను యాదృచ్ఛికంగా ఎంచుకుని, వాటిలోనే జాగ్రత్తగా కొలిపించారు. రెండు పద్ధతులనూ పోలిస్తే నమూనా సర్వే ఖర్చు పదో వంతు. వ్యాపార లెక్కలతో సరిపోలింది కూడా నమూనా సర్వేనే. పొలం పొలానికీ చేసిన లెక్క వెనకబడింది. వేల మంది తాత్కాలిక సిబ్బందితో హడావుడిగా చేసిన సంపూర్ణ గణన కంటే, శిక్షణ పొందిన కొద్దిమంది చేసిన కొలత నిజానికి దగ్గరగా వచ్చింది.

తప్పు ఎంతో తెలుసుకోవడానికి ఆయన ఒక ఉపాయం కనిపెట్టారు. ఒకే ప్రాంతంలో రెండు స్వతంత్ర నమూనాలు తీసి, రెండు వేర్వేరు బృందాలకు అప్పగించేవారు. రెండు జవాబులు దగ్గరగా వస్తే నమ్మవచ్చు. దూరంగా వస్తే ఎక్కడో లోపముంది. కొలతతోపాటు కొలిచినవాడినీ పరీక్షించడమన్నమాట. వృత్తం అంచున ఉన్న దుబ్బుల సంగతి ఇలాంటి ప్రయోగాల్లోనే బయటపడింది. మరీ చిన్న వృత్తాలు దిగుబడిని ఎక్కువ చేసి చూపిస్తున్నాయని తేలింది. ఎంత పెద్ద మడి తీసుకుంటే సరిపోతుందన్న దానిపై వ్యవసాయ గణాంకవేత్తలు పి.వి. సుఖాత్మె, వి.జి. పాన్సేలతో ఆయనకు ఏళ్ల తరబడి వాదోపవాదాలు నడిచాయి. మహలనోబిస్ చిన్న మడులతో ఎక్కువచోట్ల కొలవాలనేవారు. వాళ్లు పెద్ద మడులు కావాలనేవారు. అంచు తప్పు విషయంలో వాళ్ల అభ్యంతరంలో బలముంది.

1943 కరవు తర్వాత బెంగాల్ పల్లెల్లో ఆయన బృందం చేసిన సర్వే ఇంకో రకమైనది. ఎన్ని కుటుంబాలు భూమి అమ్ముకున్నాయి, ఎన్ని దిక్కులేనివయ్యాయి అని ఇంటింటి నమూనాతో లెక్కగట్టారు. ఆ ఫలితాలు 1946లో సాంఖ్యలో వచ్చాయి. కరవు ఎవరి మీద ఎంత పడిందో చెప్పే అరుదైన ఆధారాల్లో అదొకటి.

దేశాన్ని అడగడం

1949లో ఆయన కేంద్ర మంత్రివర్గానికి గౌరవ గణాంక సలహాదారు అయ్యారు. జాతీయాదాయ కమిటీకి అధ్యక్షత వహించారు. దేశంలో ప్రజలు ఏం తింటున్నారో, ఎంత ఖర్చు చేస్తున్నారో చెప్పే సమాచారమే లేదని ఆ కమిటీ పనిలో తేలింది. దాంతో 1950లో జాతీయ నమూనా సర్వే పుట్టింది. మొదటి విడతకు ఎంచుకున్న గ్రామాలు 1,833.

కాగితం మీద సులువుగా ఉన్నది ఊళ్లోకి వెళ్లేసరికి కష్టమైంది. కుటుంబాలను లెక్కపెట్టాలంటే ముందు కుటుంబం అంటే ఏమిటో తేల్చాలి. అన్నదమ్ములు ఒకే లోగిలిలో ఉండి వేరుగా వండుకుంటే ఒక కుటుంబమా, రెండా? ఒకే వంటింట్లో తినేవాళ్లు ఒక కుటుంబం అని సర్వే నిర్వచించుకుంది. అంటే లెక్కపెట్టే వస్తువు కూడా తనంతట తాను విడివిడిగా ఉండదు. అక్కడా ఎవరో గీత గీయాల్సిందే. ఇక ధాన్యం కొలతల సంగతి సరేసరి. ఊరికో శేరు, సీమకో మణుగు. తెలుగునాట కుంచం, పుట్టి కూడా ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండేవి కావు. అన్నింటినీ ఒకే తూకంలోకి మార్చాల్సి వచ్చింది.

కాలం కూడా అవిచ్ఛిన్నమే. గత వారంలో ఎంత ఖర్చు పెట్టారని అడగాలా, గత నెలలోనా? మహలనోబిస్ ఇద్దరినీ పెట్టి చూశారు. ఎస్.బి. సేన్‌తో కలిసి 1954లో ప్రచురించిన పత్రం ప్రకారం, వారం లెక్క అడిగితే వచ్చిన వినియోగం నెల లెక్క అడిగినప్పటి కంటే ఎక్కువగా తేలింది. అదే మనుషులు, అదే తిండి. కాలాన్ని ఎక్కడ కోశామన్నదాన్ని బట్టి జవాబు మారింది. చాలా రకాల వస్తువులకు నెల రోజుల లెక్కే ప్రమాణంగా స్థిరపడింది. 1999-2000లో ప్రశ్నలు అడిగే వ్యవధి మార్చినప్పుడు పేదరికం తగ్గిందా లేదా అని దేశమంతా వాదించుకున్నది ఈ విషయం మీదే.

ప్రణాళిక: నున్నటి సమీకరణాలు, మొత్తంగా వచ్చే కర్మాగారాలు

1955 మార్చిలో ఆయన రెండో పంచవర్ష ప్రణాళిక ముసాయిదాను నెహ్రూ ప్రభుత్వానికి అందించారు. యంత్రాలను తయారుచేసే యంత్రాల మీద ఎక్కువ పెట్టుబడి పెడితే, మొదట వినియోగం కాస్త నెమ్మదించినా తర్వాత వృద్ధి వేగం అందుకుంటుందని ఆయన నమూనా చెప్పింది. పెట్టుబడిలో మూడో వంతు ఆ రంగానికి పోవాలని అంచనా కట్టింది.

ఆ సమీకరణాల్లో పెట్టుబడి నీళ్లలా సాగుతుంది. ఎంత కావాలంటే అంత, ఎటు కావాలంటే అటు. వాస్తవంలో ఉక్కు కర్మాగారం ముక్కలుగా రాదు. భిలాయ్, రూర్కెలా, దుర్గాపూర్ ఒక్కొక్కటీ పది లక్షల టన్నుల సామర్థ్యంతో మొత్తంగా రావాల్సినవే. వాటి యంత్రాలకు విదేశీ మారకద్రవ్యం ఒకేసారి కావాలి. 1957 నాటికి దేశం మారకద్రవ్య సంక్షోభంలో పడింది. విదేశీ వాణిజ్యానికీ వ్యవసాయానికీ ఆ నమూనాలో తగినంత చోటు లేదన్న విమర్శ ఆనాడూ ఉంది, ఈనాడూ ఉంది. ఆర్థికవేత్త బి.ఆర్. షెనాయ్ 1955లోనే అసమ్మతి పత్రం సమర్పించారు. పొలం అంచున ఉన్న దుబ్బును గమనించిన మహలనోబిస్ తన సొంత నమూనాకు అంచుల్లో మిగిలిపోయినవాటిని అంత శ్రద్ధగా చూడలేదు. అయితే తర్వాతి దశాబ్దాల భారీ పరిశ్రమలకు పునాది ఆ ప్రణాళికలోనే పడిందన్నది కూడా నిజం.

సర్వేల లెక్కలు చేయడానికి యంత్రాలు కావాలి. 1953లో ఆయన సంస్థలో సమరేంద్ర కుమార్ మిత్రా ఒక అనలాగ్ కంప్యూటర్ తయారుచేశారు. అందులో సంఖ్యలు విద్యుత్ వోల్టేజి రూపంలో ఉండేవి, ఎత్తులా వానలా అవిచ్ఛిన్నంగా. 1956లో బ్రిటన్ నుంచి హెచ్ఇసి-2ఎం అనే డిజిటల్ కంప్యూటర్ వచ్చింది. దేశంలో అదే మొదటిది. దానిలో ప్రతిదీ ఉందా, లేదా అన్న రెండు స్థితులే. ప్రపంచం మొత్తం ఆ రెండో దారినే పోయింది. ఈ రోజు ఉష్ణోగ్రత అయినా, గొంతు అయినా, ఫొటో అయినా చివరికి సున్నాలు, ఒకట్లుగానే దాచుకుంటున్నాం.

గీత ఎవరు గీస్తారు?

1960లో మహలనోబిస్ చివరి పెద్ద పద్ధతిని ప్రచురించారు. కుటుంబాలను ఖర్చు ప్రకారం తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా నిలబెట్టి, సమాన సంఖ్యలో పది లేదా ఇరవై భాగాలు చేస్తారు. ప్రతి భాగంలో తిండి గింజల మీద ఎంత పోతోందో గుర్తించి గీతగా కలుపుతారు. రెండు స్వతంత్ర నమూనాలతో రెండు గీతలు వస్తాయి. ఆ రెంటి నడుమ ఉన్న జాగా ఎంత వెడల్పుగా ఉంటే సమాచారంలో తప్పు అంత ఎక్కువ. ఇందులో పేదలు, పేదలు కానివారు అంటూ ఒక్కచోట కత్తిరించే పని లేదు. అట్టడుగు నుంచి పై దాకా బతుకు ఎలా మారుతూ పోతుందో మొత్తం కనిపిస్తుంది. అదే ఏడాది ప్రభుత్వం ఆదాయ పంపిణీ, జీవన ప్రమాణాల మీద ఆయన అధ్యక్షతన కమిటీ వేసింది. ప్రణాళికల ఫలం ఎవరికి చేరిందన్నది ఆ కమిటీ ముందున్న ప్రశ్న.

దేశం మాత్రం గీత దారినే ఎంచుకుంది. ఆయన మొదలుపెట్టిన నమూనా సర్వే ఇచ్చిన ఖర్చుల సమాచారం మీదే పేదరిక రేఖలు గీశారు. తెందూల్కర్ పద్ధతిలో 2011-12కు పల్లెలో నెలకు మనిషికి 816 రూపాయలు, పట్నంలో 1,000 రూపాయలు. ఒక్క రూపాయి అటైతే పేద కాదు, ఇటైతే పేద. ఈ గీతలు లేకుండా పాలన నడవదు. రేషన్ కార్డు ఇవ్వాలా వద్దా, ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా రాదా, క్రీమీలేయర్‌లో ఉన్నారా లేరా అన్నవాటికి అవును, కాదు అన్న రెండే జవాబులు. కానీ ఆ గీతకు అటూ ఇటూ నిలబడినవాళ్ల బతుకుల్లో రెండు రకాలేమీ లేవు.

1968లో ఆయనకు పద్మవిభూషణ్ వచ్చింది. 1972 జూన్ 28న, 79వ పుట్టినరోజుకు ఒక్క రోజు ముందు, కలకత్తాలో కన్నుమూశారు.

ఇప్పుడు దేశం మళ్లీ పెద్ద లెక్కకు దిగుతోంది. 2024 చివర్లో తెలంగాణ ఇంటింటి కుల సర్వే చేసింది. రాబోయే జాతీయ జనగణనలోనూ కులం నమోదు చేస్తామని 2025లో కేంద్రం ప్రకటించింది. కులం లెక్కపెట్టే వివరం. ఎంతమంది అన్నది తేలాల్సిందే, దాని మీద హక్కులు ఆధారపడి ఉన్నాయి. వెనుకబాటుతనం మాత్రం కొలవాల్సిన వివరం. భూమి, చదువు, ఆదాయం, కొలువు అన్నీ ఒక్కో కులం లోపలే మెట్లుమెట్లుగా కాదు, వాలుగా పరుచుకుని ఉంటాయి. మొదటిది తెలిస్తే రెండోది తెలిసిపోయినట్టు కాదు. తలలు లెక్కపెట్టాక, మహలనోబిస్ నమూనా సర్వేలు చేసినట్టు, వాళ్ల బతుకులనూ విడిగా, ఓపికగా కొలవాలి. ఆ కొలతలో తప్పు ఎంత ఉందో పక్కనే రాయాలి. గీత ఎక్కడ గీశారో, ఎందుకు గీశారో అందరికీ కనిపించేలా చెప్పాలి.